సోలార్ పెట్టించుకుంటున్నారా? మీటర్ బోర్డు విప్పేవాడి పర్మిట్ ముందు చూడండి

ప్యానెల్ ఏ కంపెనీదో, ప్యానెళ్ల కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌కి ఎన్నేళ్ల వారంటీయో పదిమందిని అడిగి మరీ తెలుసుకుంటాం. మేడెక్కి వైర్లు లాగి, కిందికొచ్చి మీటర్ బోర్డు మూత విప్పే కుర్రాడికి వైర్‌మన్ పర్మిట్ ఉందా అని మాత్రం అడగం. విశాఖలో కేంద్రం సోలార్ సబ్సిడీ పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లు పెట్టించుకుంటున్నవాళ్లకి ఈ హెచ్చరిక ముఖ్యంగా అందుకే. పథకం పోర్టల్లో పేరున్న వెండర్ దగ్గరే కొన్నాం కదా అని ధీమా పడకండి. ఆ నమోదు వెండర్‌ది. అతను పనిని గుత్తకి ఇంకొకరికి ఇస్తాడు, వాళ్లు రోజుకూలీ మీద ఇంకొకరిని పంపుతారు. చివరికి మీ ఇంటికి వచ్చేది ప్యానెళ్లు బిగించడం బాగా వచ్చిన మనిషి. ఫ్రేములు బిగించడం వేరు, కరెంటు లైనుకి కలపడం వేరు.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లో దీనిమీద అనుమానానికి తావు లేదు. బల్బు, ఫ్యాను, స్విచ్చి, ఫ్యూజు లాంటివి మార్చుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అంతకు మించి వైరింగ్‌లో చేర్పులైనా మార్పులైనా రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సిచ్చిన ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే చేయాలి, అర్హతపత్రం ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండాలి, చెయ్యి పెట్టేవాడికి పర్మిట్ ఉండాలి. సోలార్‌ని గ్రిడ్‌కి, అంటే వీధి కరెంటు లైనుకి, కలపడం ఏ లెక్కన చూసినా బల్బు మార్చడం కిందికి రాదు.

డబ్బు ముందుగా పోయేది తొందర దగ్గర. ప్యానెళ్లు బిగించిన సాయంత్రమే "ఆన్ చేసేద్దాం సార్, నెట్ మీటర్ తర్వాత వస్తుంది" అంటారు. నెట్ మీటరంటే వచ్చిన కరెంటునీ బయటికి పోయిన కరెంటునీ విడివిడిగా లెక్కపెట్టే మీటరు. వద్దనండి. ఇళ్లలో ఉన్న మామూలు డిజిటల్ మీటర్లు చాలావాటికి కరెంటు వస్తోందో పోతోందో తెలీదు, ఎటు పారినా ముందుకే తిరుగుతాయి. 3 కిలోవాట్లకి ఎండ బాగుంటే రోజుకి 12 యూనిట్ల దాకా వస్తుంది. పగలు ఇంట్లో మనుషులు లేక అందులో 8 యూనిట్లు బయటికి పోయాయనుకోండి, మీటరు ఆ 8 కూడా మీరు వాడినట్టే రాసుకుంటుంది. నెలకి 240 యూనిట్లు. సోలార్ పెట్టాక బిల్లు పెరిగిందేమిటని తలపట్టుకునేవాళ్ల కథ ఎక్కువగా ఇదే. ఈపీడీసీఎల్ (మనకి కరెంటు పంపిణీ చేసే సంస్థ) వాళ్లు నెట్ మీటర్ బిగించి సీలు వేసేదాకా, ఇన్వర్టర్‌కీ మీటరుకీ మధ్య ఉండే ఏసీ డబ్బాలో ఎంసీబీ స్విచ్చి కిందికే, అంటే ఆఫ్‌లోనే ఉండాలి.

ఇక మధ్యాహ్నం రోగం. పొద్దున పదింటిదాకా బాగానే నడుస్తుంది. పన్నెండయ్యేసరికి ఇన్వర్టర్ మీద ఎర్రలైటు, "గ్రిడ్ ఓవర్ వోల్టేజ్". కాసేపటికి మళ్లీ ఆన్, మళ్లీ ఆఫ్. వెండర్‌కి ఫోన్ చేస్తే "కరెంటాఫీసు సమస్య" అంటాడు. సగం నిజమే. మిగతా సగం అతను లాగిన వైరులో ఉంది.

గ్రిడ్‌లోకి కరెంటు నెట్టాలంటే ఇన్వర్టర్ దగ్గర వోల్టేజి పోల్ దగ్గరకన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. వైరు ఎంత సన్నమైతే అంత ఎక్కువ కావాలి. గ్రిడ్ వోల్టేజి 230కి 110 శాతం, అంటే 253 దాటితే ఇన్వర్టర్ 2 సెకన్లలో తప్పుకోవాలని నిబంధన. ఇప్పుడు లెక్క చూడండి. 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు. మేడ మీది నుంచి మీటరుకి 30 మీటర్లు, రానూపోనూ 60. రెండున్నర ఎంఎం రాగి వైరైతే ఆ దూరానికి దాదాపు 6 వోల్టులు. ఆరు ఎంఎం వేస్తే రెండున్నర వోల్టులు. మధ్యాహ్నం మీ వీధిలో 248 ఉంటే సన్న వైరున్న ఇల్లు 254 దగ్గర ఆగిపోతుంది, పక్కింటి ఆరు ఎంఎం 250, 251 మీద హాయిగా నడుస్తుంది. "13 ఆంపియర్లకి రెండున్నర ఎంఎం సరిపోద్ది సార్" అని ఆ కుర్రాడు చెప్పింది అబద్ధం కాదు. వైరు కాలదు. ఉత్పత్తి పోతుంది, అదీ ఎండ మండే గంటల్లో.

కొందరు దీనికి మందుగా ఇన్వర్టర్ సెట్టింగులోకి వెళ్లి 253ని 270 చేసేస్తారు. ఎర్రలైటు పోతుంది, మీరూ సంతోషిస్తారు. వోల్టేజి 260 దాటినా ఇన్వర్టర్ నెడుతూనే ఉంటుంది, ఆ ఎక్కువ వోల్టేజి మీ ఫ్రిజ్జుకీ టీవీకీ కూడా అందుతుంటుంది. సెట్టింగుకి ఎవరు ఏ కారణంతో చెయ్యి పెట్టారో రాతలో అడగండి.

మీటర్ బోర్డు దగ్గర పని ఎలా చేశారో ఒక్కసారి టార్చి వేసి చూడండి. పోల్ నుంచి వచ్చే సర్వీసు వైరు చాలాచోట్ల అల్యూమినియం, ఇన్వర్టర్ నుంచి వచ్చేది రాగి. రెండింటినీ కటింగ్ ప్లేయర్‌తో మెలేసి, పైన నల్ల టేపు నాలుగు చుట్లు. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, పెదవాల్తేరు లాంటి చోట్ల ఉప్పుగాలికి ఆ జాయింటు ఎక్కువ కాలం నిలవదు. అల్యూమినియం మీద తెల్లటి పిండి లేస్తుంది, పట్టు వదులవుతుంది, వదులైనచోట వేడెక్కుతుంది. టేపు అంచు కరిగి మెరుస్తున్నా, డబ్బా లోపల మసి మరక కనబడినా, కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చినా మెయిన్ దించి పర్మిట్ ఉన్న మనిషిని పిలవండి. అక్కడ ఉండాల్సింది బైమెటల్ లగ్గు (రాగినీ అల్యూమినియాన్నీ కలిపే తొడుగు), క్రింపింగ్ మిషన్‌తో నొక్కింది. దాని ఖరీదు కొద్ది రూపాయలు. క్రింపింగ్ మిషన్ లేనివాడు ఆ పనికి రాకూడదు, అంతే.

త్రీఫేజ్ సర్వీసైతే ఇంకో గండం. మెయిన్ దించకుండా న్యూట్రల్ లింకు (కరెంటు తిరిగివెళ్లే వైరు బిగింపు) విప్పితే, విప్పి ఉన్న ఆ కాసేపట్లో తక్కువ లోడున్న ఫేజ్ మీద వోల్టేజి 400 వైపు ఎగబాకుతుంది. సెటాప్ బాక్సు, ఫ్రిజ్జు, ఎయిర్ కండిషనర్ బోర్డు వరసగా పోతాయి. "సోలార్ వల్ల కాలిపోయాయి" అనుకుంటారుగానీ కాల్చింది స్క్రూడ్రైవరు.

ప్యానెళ్ల నుంచి వచ్చేది డీసీ కరెంటు, ఇంట్లోది ఏసీ. మేడ మీది డీసీ డబ్బాలో ఏసీ ఎంసీబీ పెట్టేవాళ్లూ ఉన్నారు. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు వరసగా కలిపితే 300 వోల్టుల దగ్గరికి వస్తుంది. ఏసీ సెకనుకి వంద సార్లు సున్నాకి దిగుతుంది కాబట్టి స్విచ్చి విడిపోయినప్పుడు లేచిన నిప్పు దానంతటదే ఆరుతుంది. డీసీకి ఆ సున్నా లేదు, నిప్పు సాగుతూనే ఉంటుంది. ఎంసీబీ మీద డీసీ వోల్టేజి అచ్చేసి ఉందో లేదో మూత బిగించే ముందే ఫొటో పంపమనండి.

ఎర్తింగ్ విషయంలో మన ఊరు రెండు రకాలు. తీరం పక్కన ఇసుక, వేసవికి నీరు ఇంకిపోయి ఎండుతుంది. ఎండాడ, మధురవాడ, సింహాచలం కొండవార రాయి. మూడడుగులకే రాయి తగిలితే హ్యాక్సా బ్లేడుతో రాడ్డు కోసేసి, మూడడుగుల ముక్క పాతి, పైన సిమెంటు మూత పెట్టి వెళ్లిపోతారు. మూత చూస్తే గుంత బ్రహ్మాండంగా ఉంటుంది! డీసీకి, ఏసీకి, పిడుగు రాడ్డుకి మూడు వేర్వేరు ఎర్తులు ఉండాలి, ఒక్కోదాని మధ్య కనీసం రాడ్డు పొడవంత దూరం, కొలిస్తే నిరోధం 5 ఓములలోపు రావాలి. రాయి ఉంటే పక్కకి జరిగి ఇంకో రాడ్డు దించాలి, లేదా అడ్డంగా లోహపు పట్టీ పాతాలి.

కొలవకపోతే ఏమవుతుందంటే, ఎర్తు 20 ఓములుందనుకోండి. ఫ్రేముకి ఫేజ్ తగిలితే 230ని 20తో భాగించండి, పదకొండున్నర ఆంపియర్లు. 20 ఆంపియర్ల ఎంసీబీ కదలదు. ఇనుప ఫ్రేము మొత్తం షాకు కొడుతూ అలాగే నిలబడి ఉంటుంది, మేడ మీద బట్టలారేసేవాళ్లు ముట్టుకునేదాకా. అందుకే ఏసీ వైపు ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తులోకి కారితే వెంటనే తెంచే స్విచ్చి) కూడా అడగండి, ఇన్వర్టర్ కంపెనీ మాన్యువల్లో చెప్పిన రకమే వేయమనండి.

అన్నిటికన్నా ప్రమాదమైన పని, అడిగి మరీ చేయించుకునేది ఒకటుంది. గ్రిడ్ ఇన్వర్టర్ కరెంటు పోగానే ఆగిపోతుంది, అది లోపం కాదు. "కరెంటు పోయినా నడిచేలా చేసి పెట్టండి" అంటే, పర్మిట్ లేనివాడు ఇంట్లో ఉన్న బ్యాటరీ ఇన్వర్టర్ అవుట్‌పుట్‌ని తెచ్చి ఈ లైనుకే కలుపుతాడు. సోలార్ ఇన్వర్టర్ దాన్నే గ్రిడ్ అనుకుని నడవడం మొదలుపెడుతుంది. ఎక్కువైన కరెంటు వెనక్కి తన్ని బ్యాటరీ ఇన్వర్టర్ కాలుతుంది. మధ్యలో ఛేంజోవర్ (ఒక లైను కలిపితే రెండోది తెగిపోయే స్విచ్చి) లేకపోతే అదే కరెంటు మీటరు దాటి ట్రాన్స్‌ఫార్మర్‌కి వెళ్తుంది, అటువైపు 11 వేల వోల్టుల లైను. 2014 అక్టోబరు హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి లైన్‌మన్లు పోళ్లెక్కిన ఊరు మనది. లైను చచ్చిందనుకుని ఎక్కినవాడికి మీ మేడ మీంచి కరెంటు రాకూడదు. జనరేటర్ ఉన్న అపార్ట్‌మెంట్లకీ ఇదే మాట.

పని అయ్యాక, ఎండ ఉండగా, వాళ్ల ముందే పరీక్ష పెట్టండి. మెయిన్ దించితే 2 సెకన్లలో ఇన్వర్టర్ ఆగి, ఏసీ డబ్బాలో వోల్టేజి మీటరు సున్నా చూపించాలి. మెయిన్ ఎత్తాక వెంటనే కలవకూడదు, కనీసం 60 సెకన్లు ఆగి కలవాలి.

మీటరు సీలు ఎవరైనా తెంపుతానంటే ఆపండి. సర్వీసు మీ పేరున ఉంది. విద్యుత్ చట్టం 2003లో 135, 138 సెక్షన్లు మీటరు జోలికి పోయినవాళ్లకి మూడేళ్ల దాకా జైలు చూపిస్తాయి, ముందు తలుపు తట్టేది మీదే. భూగర్భ కేబుల్ పడిన వీధుల్లో రోడ్డు పక్కన ఉండే పిల్లర్ బాక్సు సంగతీ అంతే, అది తెరిచే హక్కు ఈపీడీసీఎల్‌వాళ్లకే.

అడ్వాన్సు ఇచ్చే ముందు మూడు కాగితాల ఫొటోలు తెప్పించుకోండి: కాంట్రాక్టర్ లైసెన్సు, సూపర్‌వైజర్ పర్మిట్, వచ్చే మనిషి వైర్‌మన్ పర్మిట్. గడువు తేదీ చూడండి, ఫొటోలో మొహం గుమ్మంలో నిలబడ్డ మొహం ఒకటేనా చూడండి. పని పూర్తయ్యాక అదే కాంట్రాక్టర్ సంతకంతో టెస్ట్ రిపోర్టు కావాలి, అందులో ఎర్తు ఎన్ని ఓములో, మెగ్గర్ (వైరు ఇన్సులేషన్ కొలిచే సాధనం) రీడింగు ఎంతో అంకెల్లో ఉండాలి, "ఓకే" అని రాస్తే కుదరదు. సబ్సిడీ, 3 కిలోవాట్లకి 78,000 రూపాయలు, మీ ఖాతాకే వస్తుంది, కాబట్టి వెండర్‌కి పూర్తి సొమ్ము ఇచ్చేది మీరే. ఆఖరి వాయిదా నెట్ మీటర్ తిరిగి, ఒక ఎండ మధ్యాహ్నం ఎర్రలైటు లేకుండా గడిచాక ఇస్తామని ఒప్పందంలోనే రాయించండి. అనుమానం వస్తే మీ సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఆఫీసుకి వెళ్లండి, లేదా 1912కి ఫోన్ చేయండి.