అమీర్‌పేట స్పానిష్ బ్యాచ్: క్రియలు బాగా చెప్తారు, హ్యాండవుట్‌తోనే పేచీ

అమీర్‌పేట సందుల్లో నడిచే ఈ బిగినర్స్ బ్యాచ్‌లో వర్తమాన కాలం పాఠం గట్టిగానే ఉంది. క్రియ చివరున్న ఆర్, ఎర్, ఇర్ తీసేసి, మిగిలినదానికి ప్రత్యయం తగిలించడమే. ‘అబ్లార్’ అంటే మాట్లాడటం: ఆబ్లొ (నేను), ఆబ్లస్ (నువ్వు), ఆబ్ల (అతను, ఆమె), అబ్లామొస్ (మేము, మనం రెంటికీ ఒకటే), అబ్లాయిస్ (మీరంతా), ఆబ్లన్ (వాళ్లు). మాట్లాడతాను, మాట్లాడతావు అనే మనకి ఇదేం కొత్త కాదు. ‘నేను’ అని విడిగా అనక్కర్లేదనీ ఇట్టే అర్థమవుతుంది. ఎర్, ఇర్ క్రియల మధ్య తేడా రెండు చోట్లే. ‘కొమేర్’ (తినడం), ‘బిబీర్’ (జీవించడం) తీసుకుంటే, ‘మేము’కి కొమేమొస్, బిబీమొస్; ‘మీరంతా’కి కొమేయిస్, బిబీస్. బోర్డు మీద పక్కపక్కన రాసి చూపిస్తారు, బాగుంది.

హ్యాండవుట్ మాత్రం సరిచేయాలి. మర్యాదగా ‘మీరు’ అనే ఉస్తెద్‌ని ‘నువ్వు’ వరసలో అచ్చేశారు. దానికి వాడాల్సింది ‘ఆమె’ రూపం: ఉస్తెద్ ఆబ్ల. ఎక్కడ నొక్కి పలకాలో గుర్తులూ లేవు. ‘మేము’ రూపంలో నొక్కు ప్రత్యయం మీదకి జారుతుంది. అది తెలియక క్లాసంతా మొదటి అక్షరాన్నే నొక్కుతోంది.

లాటిన్ అమెరికా క్లయింట్లతో కాల్స్ ఉన్నవాళ్లు అబ్లాయిస్ వదిలేయొచ్చు, అక్కడ నలుగురినీ కలిపి ‘ఉస్తెదెస్ ఆబ్లన్’ అంటారు. ఫీజంతా ముందే అడుగుతారు, డెమో చూశాకే కట్టండి.