షుగర్ క్లినిక్ నర్సుకు పాడ్‌కాస్టులు ఎంతవరకు ఉపయోగం? ఏళ్ల తరబడి విన్నాక నా సమీక్ష

నల్లగొండ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఎన్‌సీడీ (షుగర్, బీపీ వంటి అంటుకోని జబ్బుల) క్లినిక్‌లో నేను స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. కరోనా కాలంలో శిక్షణ తరగతులు ఆగిపోయినప్పుడు షుగర్ వ్యాధికి సంబంధించిన పాడ్‌కాస్టులు వినడం మొదలుపెట్టి, ఆ అలవాటును ఇప్పటికీ కొనసాగిస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. రోగితో మాట్లాడే తీరును, ఏ మందు ఎందుకు ఇస్తున్నామన్న అవగాహనను ఇవి బాగా మెరుగుపరుస్తాయి. చేతి పనిని మాత్రం నేర్పవు. విన్నదాన్ని మన ఊరి పరిస్థితులకు సరిచూసుకునే బాధ్యత పూర్తిగా మనదే.

నేను క్రమం తప్పకుండా వినేవి రెండు. మొదటిది అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ నెలనెలా విడుదల చేసే 'డయాబెటిస్ కోర్ అప్‌డేట్'. ఆ సంస్థ పత్రికల్లో వచ్చిన పరిశోధన వ్యాసాలను ఇద్దరు డాక్టర్లు తీసుకుని, రోజూ రోగులను చూసే వాళ్లకు అందులో పనికొచ్చేది ఏమిటో చర్చిస్తారు. ఇది డాక్టర్ల కోసం చేసినది కాబట్టి మొదట్లో గణాంకాల భాష కష్టంగా ఉంటుంది, కానీ కొన్ని నెలలు ఓపిక పడితే చెవికి అలవాటవుతుంది. రెండవది 'ది హడిల్'. డయాబెటిస్ ఎడ్యుకేటర్ల అమెరికా సంఘమైన ఏడీసీఈఎస్ దీన్ని నడుపుతుంది. ఇందులో మాట్లాడేవారు ఎక్కువగా మన పని చేసే నర్సులు, డైటీషియన్లు, ఫార్మసిస్టులే. ఏదైనా ఒక్కటే వినే తీరిక ఉన్న నర్సుకు నేను రెండవదే సూచిస్తాను.

దానివల్ల నాకు జరిగిన పెద్ద మేలు ప్రశ్న అడిగే పద్ధతి మారడం. 2017లోనే ఈ సంఘం, అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కలిసి, షుగర్ ఉన్నవారితో వైద్య సిబ్బంది ఎలా మాట్లాడాలన్న విషయంపై ఒక ఉమ్మడి పత్రం వెలువరించాయి; నింద మోపకుండా, వాస్తవాన్ని ఆధారం చేసుకుని, గౌరవంగా మాట్లాడాలన్నది దాని సారాంశం. వినడానికి ఇది తేలికగా అనిపించినా క్లినిక్‌లో దాని ప్రభావం చాలా ఉంటుంది. "గోళీలు రోజూ ఏసుకుంటున్నరా?" అని అడిగితే మా దగ్గర ఎవరైనా "ఏసుకుంటున్న సిస్టర్" అనే అంటారు. "ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు గోళీ తప్పుతది పెద్దమ్మా, నీకు వారంల ఎన్ని రోజులు తప్పుతుంటది?" అని అడిగితే అసలు సంగతి బయటకు వస్తుంది. షుగర్ గోళీ మెట్‌ఫార్మిన్ వేసుకుంటే కడుపులో తిప్పుతోందని, పత్తి ఏరడానికి వెళ్లిన రోజుల్లో పొద్దుటి గోళీ పూర్తిగా మానేస్తున్నానని ఒక పెద్దమ్మ ఇలా అడిగాకే చెప్పింది. విషయం తెలిసింది కాబట్టి డాక్టరు గారు మందును మెల్లగా వదిలే ఎస్‌ఆర్ గోళీకి మార్చి, అన్నం తిన్నాక వేసుకోమని రాశారు. పాత పద్ధతిలోనే అడిగి ఉంటే ఆమె చీటీలో మోతాదు పెరిగేది తప్ప కారణం ఎవరికీ తెలిసేది కాదు.

ఇక చేతి పని సంగతి. ఇన్సులిన్ ఒకే చోట పదేపదే పొడుచుకుంటే చర్మం కింద కొవ్వు గడ్డకట్టి, ఆ చోట వేసిన మందు ఒకరోజు సరిగా ఎక్కక, మరోరోజు ఒక్కసారిగా ఎక్కి షుగర్ కిందా మీదా అవుతుందని పాడ్‌కాస్టు చక్కగా వివరిస్తుంది. అయితే ఆ గడ్డను వేళ్లతో పట్టుకోవడం వేరే విద్య. రోగిని పడుకోబెట్టి, బొడ్డుకు రెండు పక్కలా వేళ్ల కొసలతో మెల్లగా నొక్కుకుంటూ పోతే, మెత్తగా ఉన్న చర్మం ఒకచోట రబ్బరులా గట్టిపడి చేతికి తగులుతుంది. చాలాసార్లు అది కంటికి కనిపించదు. దాన్ని నేను మా సీనియర్ సిస్టర్ పక్కన నిలబడి నేర్చుకున్నాను. పాదానికి 10 గ్రాముల ఒత్తిడికి వంగే మోనోఫిలమెంట్ (సన్నని నైలాన్ తీగ) పెట్టి స్పర్శ చూడటం కూడా అంతే. తీగ వంగే వరకే నొక్కాలన్న సూత్రాన్ని వినవచ్చు గానీ, ఎంత నొక్కితే వంగుతుందో చేతికే తెలియాలి.

ఈ సమీక్షలో అన్నింటికంటే ముఖ్యంగా చెప్పదలచినది మరొకటి ఉంది. అమెరికా పాడ్‌కాస్టుల్లో ఇన్సులిన్ అనగానే ఒక మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉండే మందు అన్న భావనతోనే మాట్లాడతారు. మన సర్కారు దవాఖానాల్లో ఇచ్చే సీసాల్లో సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్లే ఉంటాయి. దానికి ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్ల మందుకు నారింజ మూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో 10 గీత వరకు లాగితే ఒంట్లోకి వెళ్లేది 10 కాదు, 25 యూనిట్లు. ప్రైవేటులో ఒక రకం, మన దగ్గర మరో రకం తీసుకునే రోగులు ఉన్నచోట ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం. అయినా నేను విన్న విదేశీ ఎపిసోడ్లలో దీని ప్రస్తావన రాలేదు. వాళ్లకు ఆ అవసరం లేదు, మనకు ఉంది. కాబట్టి ఇన్సులిన్ మోతాదుల గురించి ఏది విన్నా సీసా మీద రాసినది చూశాకే అన్వయించుకోవాలి. బ్రిటన్ పాడ్‌కాస్టుల్లో షుగర్‌ను లీటరుకు మిల్లీమోల్‌లలో చెబుతారు, దాన్ని 18తో గుణిస్తే మన లెక్క (డెసిలీటరుకు మిల్లీగ్రాములు) వస్తుంది; వాళ్ల 7 మనకు 126.

నిల్వ విషయంలోనూ ఇదే పరిస్థితి. తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని ఎవరైనా చెబుతారు. ఎండాకాలంలో 44 డిగ్రీలు దాటే మా దగ్గర, దేవరకొండ వైపు తండాల్లో ఫ్రిజ్ లేని ఇంటికి ఏం చెప్పాలో వాళ్లు చెప్పరు. అలాంటి ఇళ్లలో వాడుతున్న సీసాను తడి ఇసుక పోసిన మట్టికుండలో, నీళ్లు తగలకుండా చిన్న డబ్బాలో పెట్టి నీడన ఉంచమంటున్నాము. ఫ్రిజ్ ఉన్నవారికి గడ్డకట్టిన మందు పనికిరాదని, ఐస్ పెట్టెలో పెట్టవద్దని విడిగా చెబుతున్నాము. ఒంటికి అంటించుకునే గ్లూకోజ్ సెన్సార్ల గురించి వచ్చే ఎపిసోడ్లను మాత్రం నేను దాటవేస్తాను, స్ట్రిప్పులకే వెనకాముందాడే రోగులున్న చోట వాటితో నాకు పని పడలేదు.

కొన్ని విషయాల్లో వాళ్ల సూత్రం మన జీవితానికి అచ్చంగా సరిపోతుంది. షుగర్ 70 కంటే పడిపోతే 15 గ్రాముల చక్కెర ఇచ్చి, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలన్న నియమంలో, వాళ్ల పళ్లరసానికి బదులు మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు చెబితే చాలు. మద్యం తాగితే కాలేయం రక్తంలోకి గ్లూకోజ్‌ను విడుదల చేయడం తగ్గుతుందని వాళ్లు వైన్ గురించి చెప్పినది, మా దగ్గర పరిగడుపున కల్లు తాగి షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ గోళీ వేసుకునే వారికీ వర్తిస్తుంది. ఈ కారణం తెలిశాక "కల్లు తాగొద్దు" అన్న ఒక్క మాటతో ఆగకుండా, తాగిన రాత్రి తినకుండా పడుకోవడం ఎందుకు ప్రమాదమో వివరించగలుగుతున్నాను. రంజాన్ మీద వచ్చిన ఎపిసోడ్లు కూడా విలువైనవి. ఐడీఎఫ్ (అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య), డీఏఆర్ (డయాబెటిస్ అండ్ రంజాన్) సంస్థలు 2021లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా ఉపవాసం విడవాలి; వేలి నుంచి రక్తం తీసి పరీక్ష చేసుకుంటే ఉపవాసం చెడదు. ఈ రెండో మాటను నెల ముందే చెబితే రోజాలో కూడా పరీక్షకు వస్తున్నారు.

పాదాల సంరక్షణ విషయంలో మన జిల్లాది ప్రత్యేకమైన ఇబ్బంది. రోజూ అరికాళ్లు చూసుకోవాలి, అద్దం వాడాలి అని ప్రతి ఎపిసోడ్‌లో వస్తుంది. మర్రిగూడ, నాంపల్లి వైపు ఏళ్లపాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము, మోకాళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లు అద్దం పెట్టినా కాలు తిప్పలేరు. వాళ్ల వెంట వచ్చిన కోడలికో మనవడికో అక్కడే పాదం పట్టించి చూపిస్తే తప్ప ఆ సలహా ఇంటిదాకా చేరదు.

వినే పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. ఇంట్లో వైఫై మీద డౌన్‌లోడ్ చేసుకుని, కొత్త విషయమైతే వేగం 0.8కి తగ్గించి, బస్సు ప్రయాణంలో వింటాను. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ మూతపడినప్పుడు స్పాటిఫైకి మారాను. ఎపిసోడ్ తేదీ తప్పనిసరిగా చూడండి. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ తన ప్రమాణాలను ఏటా సవరిస్తుంది కాబట్టి, మందుల గురించిన పాత ఎపిసోడ్లు త్వరగా కాలం చెల్లుతాయి. మందుల కంపెనీల ఆర్థిక సహాయంతో చేసే ప్రత్యేక ఎపిసోడ్లు కూడా వస్తుంటాయి. ఆ సంగతి మొదట్లోనే ప్రకటిస్తారు గనుక ఆ ఒక్క నిమిషాన్ని దాటవేయకూడదు. 2025 మార్చిలో టిర్జెపటైడ్ మన దేశంలోకి వచ్చాక బరువు తగ్గే సూది గురించి రోగులు మమ్మల్ని అడుగుతున్నారు. అలాంటప్పుడు ఒకే మందు గురించి రెండు మూడు వేర్వేరు చోట్ల విన్నాకే నేను నోరు విప్పుతాను.

నా రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు అవసరమైన సీఎన్‌ఈ (నర్సుల నిరంతర విద్య) గంటల్లో ఇలా ఇంట్లో, బస్సులో విన్నది ఏదీ లెక్కకు రాలేదు. సర్టిఫికెట్ కోసమైతే గుర్తింపు ఉన్న తరగతులకు వెళ్లక తప్పదు. ఇంగ్లీషు తడబడే ఏఎన్‌ఎంలకు, ఆశా కార్యకర్తలకు ఈ పాడ్‌కాస్టులను నేను సిఫారసు చేయలేను. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా షుగర్ రోగులున్నారు, వాళ్లలో పల్లెల్లో ఉన్నవారిని మొదట చూసేది ఈ అక్కచెల్లెళ్లే. ఎర్ర మూత సిరంజి, మట్టికుండ, కల్లు, ఫ్లోరైడ్ కాళ్ల గురించి పది నిమిషాల తెలుగు ఎపిసోడ్లు వారానికొకటి ఎవరైనా చేస్తే, నేను వినే రెండింటికంటే ముందు దాన్నే మా సబ్‌సెంటర్లకు పంపిస్తాను. అది వచ్చేదాకా నేను విన్నదాంట్లో మనకు పనికొచ్చే ఒక్కో విషయాన్ని నెలవారీ సమావేశంలో, సిరంజి చేతిలో పట్టుకుని, వాళ్లకు తెలుగులో చెబుతున్నాను.