రెండేళ్లా, మూడేళ్లా, నాలుగేళ్లా? స్టాన్‌ఫర్డ్ ముగ్గురిలో ఎవరి దారి మేలు?

2019 డిసెంబరులో శాన్ హొసేలో అమెరికా కాలేజీ మహిళల ఫుట్‌బాల్ ఫైనల్ జరిగింది. అదనపు సమయం కూడా అయిపోయింది, గోల్ మాత్రం పడలేదు. చివరికి పెనాల్టీల్లో 5-4తో నార్త్ కరోలినాను ఓడించి స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ జట్టు కప్పు ఎత్తుకుంది. ఆ జట్టులోని ముగ్గురు ఆ తర్వాత మూడు వేర్వేరు ఘడియల్లో కాలేజీ గడప దాటారు. సోఫియా స్మిత్ రెండు సీజన్లు ఆడి వెళ్లిపోయింది. కతరీనా మకారియో మూడు ఆడింది. నయోమీ గిర్మా నాలుగేళ్లూ ఉండి ఆ తర్వాతే కదిలింది. ఒకే మైదానం, ఒకే కప్పు. పోల్చి చూడడానికి ఇంతకంటే మంచి ముగ్గురు దొరకరు.

కాలేజీ ఆట మటుకే లెక్కలోకి తీసుకుంటే మకారియోకు ఎదురులేదు. బ్రెజిల్‌లో పుట్టి, పన్నెండేళ్ల వయసులో శాన్ డియేగో చేరిన ఈ అమ్మాయి 68 మ్యాచుల్లో 63 గోల్స్ చేసింది, 47 చేయించింది. ఉత్తమ కాలేజీ క్రీడాకారిణికిచ్చే హెర్మన్ ట్రోఫీ 2018లోనూ 2019లోనూ ఆమెదే. ఇంకో ఏడాది ఉంటే మూడోది కూడా వచ్చేదేమో. కానీ వచ్చి ఏం చేసుకోవాలి? అప్పటికే గెలిచిన వాళ్లనే మళ్లీ గెలవడం తప్ప అక్కడ ఆమెకు కొత్తగా నేర్చుకునేది ఏముంది? పైగా కాలేజీ సీజన్ ఆగస్టులో మొదలై డిసెంబరుకల్లా ముగుస్తుంది. మ్యాచ్ మధ్యలో మరొకరికి చోటిచ్చి మైదానం బయటికి వెళ్లిన ఆటగత్తె రెండో అర్ధభాగంలో ఊపిరి తీసుకుని మళ్లీ లోపలికి రావచ్చు. యూరప్‌లో ఆ వెసులుబాటు ఉండదు. కోవిడ్ వల్ల 2020 సీజన్ వాయిదా పడడంతో ఆమె 2021 జనవరిలో ఫ్రాన్స్‌లోని లియాన్ క్లబ్‌కు వెళ్లింది. మరుసటి ఏడాది యూరప్ క్లబ్బుల పోటీ చాంపియన్స్ లీగ్ ఫైనల్లో బార్సిలోనాపై గోల్ కొట్టింది.

ఆ మురిపెం కొద్ది రోజులే. 2022 జూన్ మొదట్లో మోకాలి లిగమెంట్ తెగింది. 2023 ప్రపంచ కప్ చేజారింది.

అదే గాయం గిర్మాకూ అయింది, అయితే 2020లో, ఇంకా విద్యార్థినిగా ఉన్నప్పుడు. ఆడలేని ఆ సీజన్లో తరగతులు ఆగలేదు. ఆమె చదివింది కంప్యూటర్ సైన్స్, తత్వశాస్త్రం, భాషాశాస్త్రం కలగలిసిన సింబాలిక్ సిస్టమ్స్. ఎప్పుడు తెగుతుందో తెలియని లిగమెంట్, కాలేజీలో ఉండగా తెగితే ఒక ఏడాది ఆట పోతుంది. బయట తెగితే ఆ ఏడాది చేతిలో మిగిలేదేమీ లేదు. ‘ముందు డిగ్రీ చేతికి రానీ’ అనే మన ఇళ్లలోని పాత పాటను ఎంత వెక్కిరించినా, ఈ ఒక్క చోట అది నిజం.

డబ్బు లెక్క కూడా చాలాకాలం అటే మొగ్గింది. 2020లో అమెరికా మహిళల లీగ్‌లో మామూలు ఆటగత్తె జీతం 20,000 నుంచి 50,000 డాలర్ల మధ్య. స్టాన్‌ఫర్డ్‌లో ఏడాది ట్యూషన్ ఫీజే అంతకు మించేది. అంటే పూర్తి స్కాలర్‌షిప్ వదులుకుని లీగ్‌కు వెళ్లే అమ్మాయి తన జీతం తానే తగ్గించుకున్నట్టు. ఇప్పుడు తూకం మారింది. కనీస జీతం 2025లో 48,500 డాలర్లు, ఒప్పందం ప్రకారం ఏటా పెరుగుతుంది. అటు కాలేజీలో ఉంటూనే ప్రకటనల ద్వారా సంపాదించుకునే వీలు 2021 జూలై నుంచి వచ్చింది.

మరి స్మిత్ సంగతి? లీగ్ క్లబ్బులు కొత్త ఆటగత్తెలను వంతులవారీగా ఎంచుకున్న 2020 డ్రాఫ్ట్‌లో తొలి ఎంపికగా పోర్ట్‌లాండ్ క్లబ్ ఆమెను తీసుకుంది. 2022లో లీగ్ ఉత్తమ క్రీడాకారిణి, అదే ఏడాది లీగ్ టైటిల్. పారిస్ ఒలింపిక్స్ సెమీస్‌లో జర్మనీపై అదనపు సమయంలో పడిన ఏకైక గోల్ ఆమెదే. తొందరపడిందని ఎవరంటారు!

పారిస్‌లో స్వర్ణం గెలిచిన ఆ జట్టు ముందు వరుస చూడండి. మాలరీ స్వాన్సన్, ట్రినిటీ రాడ్‌మన్ కాలేజీ తరఫున ఒక్క అధికారిక మ్యాచ్ కూడా ఆడలేదు, స్మిత్ రెండు సీజన్లే. వాళ్ల వెనుక గోడలా నిలిచినది నాలుగేళ్లు చదివిన గిర్మా. గోల్ కొట్టే కాలు తొందరగా పండుతుంది, అడ్డుకునే కన్నుకు కాలం పడుతుంది అని సూత్రం కట్టేద్దామనుకున్నాను. పక్కనే మరో డిఫెండర్ టియెర్నా డేవిడ్సన్ ఉంది, ఆమె కూడా స్టాన్‌ఫర్డ్ నుంచి ముందే వెళ్లిపోయినదే. సూత్రం అక్కడికి కుంటుపడింది.

అయినా నా ఓటు గిర్మాకే. 2022లో ఆలస్యంగా లీగ్‌లో అడుగుపెట్టి, అదే ఏడాది ఉత్తమ కొత్త క్రీడాకారిణి, ఉత్తమ డిఫెండర్ రెండూ అయింది. 2025 జనవరిలో ఇంగ్లండ్ క్లబ్ చెల్సీ ఆమె కోసం సుమారు 11 లక్షల డాలర్లు చెల్లించింది. మహిళల ఫుట్‌బాల్‌లో పది లక్షల డాలర్ల గీత దాటిన తొలి బదిలీ అదే. స్మిత్ దారి స్మిత్ లాంటి వాళ్లకే. ఇంట్లో పదిహేడేళ్ల స్ట్రైకర్ ఉండి, తలుపు దగ్గర క్లబ్ ఏజెంట్ నిలబడితే, ‘జాతీయ జట్టు పిలిచిందా?’ అని అడగండి. ఇంకా లేదంటే స్టాన్‌ఫర్డ్ దరఖాస్తు నింపించండి.