గని గుట్టకు ఏ కప్పు మేలు: నీళ్లా, మట్టా, నల్ల షీటా?

గని తవ్వాక మిగిలిన రాతి గుట్టలో పైరైట్ (ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం) ఉంటే అది ఊరికే పడి ఉండదు. గాలీ వానా తగిలేసరికి గంధకామ్లం పుడుతుంది. ఆ ఆమ్లం రాళ్లలోని రాగినీ జింకునూ కరిగించుకుని వాగులోకి దిగుతుంది. కొన్ని రకాల బాక్టీరియా చేరితే ఈ పని ఇంకా జోరందుకుంటుంది. ఏళ్ల తరబడి సున్నం పోసి నీళ్లు బాగుచేసుకోవడం కన్నా గుట్టను ముందే కప్పేయడం నయం. దేనితో కప్పాలన్న దగ్గరే పేచీ.

సింగరేణి ఓబీ డంపుల (బొగ్గు కోసం పైనుంచి తవ్వి పోసిన మట్టి, రాళ్ల గుట్టల) గురించి టెన్షన్ పడేవాళ్లకు ముందే చెప్పాలి. అక్కడి బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి ఈ గొడవ పెద్దగా లేదు. మేఘాలయ బొగ్గు, మధ్యప్రదేశ్‌లోని మలంజ్‌ఖండ్ రాగి గని సంగతి వేరు. అయినా మాసబ్‌ట్యాంక్ ఎన్‌ఎండీసీ నుంచి ఉప్పల్ ఎన్‌జీఆర్‌ఐ దాకా గనులతో, రాళ్లతో పనిచేసే ఆఫీసులు నగరంలో చాలానే ఉన్నాయి. కాబట్టి హైదరాబాద్ ఎండావానల్లో అలాంటి గుట్ట ఒకటుంటే ఏ కప్పు నిలుస్తుందో చూద్దాం.

నీళ్ల కింద ముంచేయడం కెనడాలో బాగా నడిచింది. గాలిలో కన్నా నీటిలో ఆక్సిజన్ దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. కానీ మనకు ఏడాదికి పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు, ఎండ ఆవిరి చేయగలిగేది దానికి రెట్టింపు దాకా ఉంటుంది. మే నెలలో ఆ నీళ్లెక్కడివి? ఉన్నా కట్టను శాశ్వతంగా కాపాడాలి. 2014లో కెనడాలోనే మౌంట్ పాలీ గని కట్ట తెగింది. ఆ తర్వాత నిపుణుల కమిటీ గని వ్యర్థాల మీద నీళ్లు నిలబెట్టే పద్ధతి నుంచి బయటపడమంది. 2020 అక్టోబరులో పల్లె చెరువు కట్ట తెగితే కింది బస్తీలు ఏమయ్యాయో చూసిన ఊరికి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు.

ముతక పొరల మధ్య సన్నటి మట్టిని ఇరికించి, అది ఎప్పుడూ తడిగా ఉండి గాలిని ఆపేలా చేసే పద్ధతి ఇంకొకటి. క్యూబెక్‌లో 1996లోనే కట్టారు, పనిచేసింది. తడి ఆరితే మాత్రం గాలి లోపలికి పోతుంది. మన వేసవికి అది నిలవదు.

బంకమట్టి పొర అనగానే మనవాళ్లకు నల్లరేగడి గుర్తొస్తుంది. దగ్గర్లో దొరుకుతుంది, తడిస్తే నీటిని దిగనివ్వదు. వేసవిలో మాత్రం చెయ్యి పట్టేంత బీటలు వారుతుంది, తొలకరి వాన నేరుగా ఆ బీటల్లోకే పోతుంది. ఆస్ట్రేలియాలోని రమ్ జంగిల్ గనిలో 1980లలో వేసిన పల్చటి మట్టి కప్పు మొదట బాగానే పనిచేసింది. తర్వాత ఎండకు ఆరడం, వేళ్లు, చెదపురుగులు కలిసి దాన్ని దెబ్బతీశాయి. పైన బయటకు కనిపించే పొరగా నల్లరేగడి వద్దనే అంటాను, ఎంత చవగ్గా వచ్చినా సరే.

నాకు మొగ్గున్నది మందపాటి మట్టి కప్పు వైపు. వానాకాలంలో నీటిని తనలో పట్టి ఉంచుకుని, తర్వాత ఎండకూ గడ్డికీ చెట్టుకూ వదిలేస్తుంది. ఎర్రమట్టి, మొరం సరిపోతాయి. క్వీన్స్‌లాండ్‌లోని కిడ్‌స్టన్ బంగారు గనిలో ఇలాగే చేశారు. అక్కడా వాన కొన్ని నెలల్లోనే కురుస్తుంది. ఇది గాలిని పెద్దగా ఆపదు. ఆమ్లం లోపల కొంత పుడుతూనే ఉంటుంది, దాన్ని బయటకు మోసుకొచ్చే నీటిని తగ్గించడమే ఈ కప్పు పని.

చిక్కు ఎక్కడంటే సగటు లెక్కలో. మీటరు మందం మంచి మట్టి పట్టగలిగేది దాదాపు 100 నుంచి 150 మిల్లీమీటర్లు. 2020 అక్టోబరులో బేగంపేటలో ఒక్క రోజులోనే సుమారు 190 మిల్లీమీటర్లు కురిసింది. అదీ వానాకాలమంతా తడిసిన నేల మీద. అలాంటి రోజున మిగులు నీరంతా గుట్టలోకే దిగుతుంది. ఏడాది సగటు చూసి మందం ఖాయం చేసే డిజైన్ మీద నాకు నమ్మకం లేదు, వానాకాలం చివరి వారాల భారీ వానకే లెక్క కట్టాలి. కిడ్‌స్టన్‌లో ఆ మట్టి కింద గట్టిగా కుదించిన బంకమట్టి పొర కూడా వేశారు. పైన మందంగా మట్టి ఉంటే అది అంత తేలిగ్గా ఆరదు. నల్లరేగడికి ఏదైనా చోటుంటే అక్కడే.

ఇక ప్లాస్టిక్ షీటు. సేద్యపు కుంటల్లో పరిచే నల్ల షీటుకు ఇది మందపాటి అన్న. గాలినీ నీటినీ రెండింటినీ ఆపేది ఇదొక్కటే. ఖర్చు ఎక్కువ, అతుకులు సరిగా వెల్డ్ చేయాలి, ఎండ తగలకుండా పైన మట్టి వేయాలి. ఏటవాలు ఎక్కువైతే ఆ మట్టి జారిపోతుంది. దశాబ్దాలు నిలుస్తుంది కానీ, గుట్ట అంతకన్నా ఎక్కువ కాలం ఉంటుంది.

నన్నడిగితే, తవ్వేటప్పుడే పైరైట్ రాయిని వేరే కుప్ప పోయించాలి. ఆ చిన్న కుప్పకు షీటు, దాని మీద మీటరున్నర మట్టి. మిగతా గుట్టకు మందపాటి మొరం, కింద కుదించిన పొర. ఏటవాలు మూడుకు ఒకటి (అడ్డంగా మూడడుగులకు ఒక అడుగు ఎత్తు) కన్నా నిటారుగా ఉండకూడదు, వాన నీరు దిగే కాలువలకు రాయి పరచాలి. కప్పు వేశాక కూడా అడుగున ఊటను పట్టే గుంత, సున్నం బస్తాలు కొన్నేళ్లు అక్కడే ఉండాలి.