పార్కిన్సన్స్ వ్యాయామ బృందాన్ని ఎవరు నడిపితే మేలు? ఫిజియోనా, యోగా మాస్టరా, ఇంటివాళ్లా?

మా బాపు ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపాడు, అందులో ఎక్కువ కాలం నల్గొండ, దేవరకొండ రూటులోనే. రిటైరైన మూడో ఏడు ఒక పొద్దున వంటింటి గడప దగ్గర ఆగిపోయాడు. ఒళ్లు ముందుకు వస్తోంది, పాదాలు మాత్రం నేలకు అతికినట్టు ఉండిపోయాయి. "కాలు లేస్తలేదు బిడ్డా" అన్నాడు. కంగారులో చేయి పట్టుకుని లాగాను. లాగకూడదని అప్పుడు నాకు తెలియదు. పాదం కదలకముందే ఒళ్లు ముందుకొస్తే మనిషి బోర్లా పడతాడు. ఆ తర్వాత ఫిజియో మేడం చెప్పినట్టు గడప ముందు ముగ్గుపిండితో అడ్డంగా నాలుగు గీతలు గీశాను, ఒక్కో గీతకు అడుగున్నర ఎడంతో. "గీత దాటు బాపు" అన్నాను. దాటాడు. గీత కనిపించింది, కాలు లేచింది.

ఇప్పుడు నల్గొండలో మేం పద్నాలుగు మందిమి వారానికి మూడు రోజులు కలిసి వ్యాయామం చేస్తున్నాం. ఫీజు లేదు. ఈ ఐదేళ్లలో మా బృందం మూడు చేతులు మారింది. మొదట ఒక ఫిజియో నడిపారు, తర్వాత ఒక యోగా మాస్టరు, ఆపై మేం ఇంటివాళ్లం. మిర్యాలగూడ నుంచీ సూర్యాపేట నుంచీ కొందరు ఫోన్ చేసి, "మేమూ మొదలుపెడదాం అనుకుంటున్నాం, ఎవరి చేతిలో పెట్టాలి?" అని అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఒక మాట. పార్కిన్సన్స్‌లో మెదడులో, కదలికలు సాఫీగా సాగడానికి కావలసిన డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోతాయి. లెవోడోపా మాత్ర ఆ లోటును కొంత పూడుస్తుంది కాబట్టి వణుకు, బిగుసుకుపోవడం తగ్గుతాయి. తూలడం, పడిపోవడం మీద మాత్రం మాత్ర అంతగా పనిచేయదు. అక్కడ కసరత్తే దిక్కు. అది కూడా ఏదో చేతులు ఊపినట్టు చేస్తే చాలదు. 2018లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో ఇంకా మందులు మొదలుపెట్టని 128 మందిని తీసుకున్నారు. గుండె వేగం గరిష్ఠంలో 80 నుంచి 85 శాతానికి చేరేలా ట్రెడ్‌మిల్ మీద నడిచినవాళ్లకు ఆరు నెలల తర్వాత లక్షణాలు దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. ఎప్పటిలాగే గడిపినవాళ్లకు పెరిగాయి. అంటే చెమట పట్టాలి. నడిపించే మనిషికి చెమట పట్టించే ధైర్యం ఉండాలి, పడకుండా పట్టుకునే తెలివీ ఉండాలి. నేను మనుషుల్ని తూచేది ఈ రెండింటితోనే.

ఫిజియోతో మొదలుపెడతాను. ఆమె దగ్గర ఉన్న మొదటి గుణం, కొలవడం. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో నోట్‌బుక్‌లో రాసేవారు. మేం "ఈ నెల బాపు మంచిగున్నాడు" అని మురిసిపోతుంటే, నోట్‌బుక్ చూపించి "లేవడం బాగుంది, తిరిగేటప్పుడే నాలుగు సెకన్లు ఎక్కువ పడుతోంది" అనేవారు. పడిపోయేది కూడా తిరిగేటప్పుడే. ఈ జబ్బున్నవాళ్లు నిలబడ్డ చోటే గిర్రున తిరగబోతే కాలికి కాలు అడ్డం పడుతుంది. ఆమె బాపుతో ఒకటే మాట అన్నారు: "సారూ, బస్సు ఎట్లా మలుపుతారో అట్లా మలగండి. ఉన్నచోట తిరగొద్దు, చుట్టు తీసుకుని రండి." ఆ మాట ఆయనకు ఎంత బాగా ఎక్కిందంటే, ఇప్పటికీ మలిగేటప్పుడు రెండు చేతులూ స్టీరింగ్ పట్టుకున్నట్టు ముందుకు పెడతాడు.

మా జిల్లాకు ఫిజియో అవసరం ఇంకో కారణంగానూ ఉంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పెద్దవాళ్లకు వెన్ను, మెడ కట్టెలా బిగుసుకుపోయి ఉంటాయి. వంగి నడుస్తారు, అడుగు చిన్నగా పడుతుంది. పైకి చూస్తే పార్కిన్సన్స్ కూడా అట్లాగే ఉంటుంది. అందుకే ఊళ్లో చాలామంది ఈ జబ్బు వచ్చినా "ఫ్లోరైడేలే" అని ఏళ్ల తరబడి డాక్టరు దగ్గరికే పోరు. కొందరికి రెండూ ఉంటాయి. ఎముకే బిగిసిన వెన్నును బలవంతంగా వంచితే దెబ్బ తగులుతుంది. ఎవరి మెడ ఎంతవరకు తిప్పవచ్చో చెప్పడం చదువుకున్నవాళ్ల పని. ఆ పనికి నేను ముందుకు రాను.

మరి ఫిజియోకే అప్పగిస్తే సరిపోదా? మా అనుభవంలో సరిపోలేదు. ఆమెకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, వెళ్లిపోయారు. తప్పు ఆమెది కాదు, అది ఆమె బతుకుదెరువు. కానీ రెండు నెలలు బృందం మూతబడింది. ఆ రెండు నెలల్లో ఇద్దరు మంచం పట్టారు.

ఆ తర్వాత యోగా మాస్టరు వచ్చారు. మంచి మనిషి, గొంతులో బలం ఉంది. ఆయన "శ్వాస తీసుకోండి" అంటే అందరి వెన్నూ కాస్త నిటారయ్యేది. వేళ తప్పేవారు కాదు. అసలు ఇబ్బంది ఆ వేళతోనే వచ్చింది. ఆయనకు పొద్దున ఐదున్నర అంటే ఐదున్నరే. ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో వాకింగ్ చేసేవాళ్లకు అది మంచి టైమే. మావాళ్లకు కాదు. రాత్రి వేసిన మాత్ర పని తెల్లారేసరికి అయిపోతుంది. పొద్దుటి మాత్ర వేసుకున్నాక అది ఎక్కడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఐదున్నరకు మా బాపు పక్క మీద బోర్లించిన పీటలా ఉంటాడు. అదే ఎనిమిదికి మెట్లు ఎక్కుతాడు. ఈ సంగతి మాస్టరుకు ఎంత చెప్పినా, బద్ధకం అనుకునేవారు.

రెండోది ఇంకా ముఖ్యం. ఈ జబ్బులోనూ, దీనికి వాడే మందుల వల్లా, లేచి నిలబడగానే బీపీ పడిపోయే గుణం చాలామందికి ఉంటుంది. ముందుకు వంగి ఒక్కసారిగా లేవడం, కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడటం మామూలు మనిషికి ఆసనాలు, మావాళ్లకు ప్రమాదాలు. ఒక పెద్దాయన పాదహస్తాసనం నుంచి లేస్తూ కళ్లు తిరిగి పక్కకు ఒరిగారు. పక్కనున్న ఆవిడ భుజం ఆసరా ఇచ్చింది కాబట్టి సరిపోయింది. ఇంకోటి, సాగదీయడం ఒక్కటే చాలదు. 2012లో అమెరికాలో 195 మందితో చేసిన పరీక్షలో తాయ్ చీ (నెమ్మదిగా కదులుతూ బరువు మార్చే చైనా కసరత్తు) చేసినవాళ్లు, ఒళ్లు సాగదీసే కసరత్తు మాత్రమే చేసినవాళ్ల కంటే తక్కువసార్లు పడ్డారు. బరువును ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చడం నేర్పాలి. యోగా మాస్టరు గోడ పక్కన నిలబెట్టి, కుర్చీ పెట్టి, ఎనిమిది గంటలకు చేయించడానికి ఒప్పుకుంటే ఆయనలాంటివాళ్లు దొరకడం అదృష్టమే. మాకు ఆ ఒప్పందం కుదరలేదు.

ఇక మేం, ఇంటివాళ్లం. మాకు చదువు లేదు, సర్టిఫికెట్ లేదు. కానీ ఎవరు ఏ టైముకు మాత్ర వేసుకుంటారో నోటికి వచ్చు. పప్పు, మాంసం, పాలతో కలిపి వేసుకుంటే కొందరికి మాత్ర సరిగా ఎక్కదని తెలుసు. అందుకే క్లాసు రోజున తినడానికి అరగంట ముందే మాత్ర వేయిస్తాం. ఎవరు హవాయి చెప్పులతో వచ్చారు, ఎవరి పంచె కాళ్లకు అడ్డం పడుతోంది అన్నది తలుపు దగ్గరే కనిపెడతాం. జారే ప్లాస్టిక్ కుర్చీలు తీసేసి, చేతులున్న చెక్క కుర్చీలు గోడకు ఆనించి పెట్టాం. అంకెలు అందరం గట్టిగా, గొంతు చించుకుని లెక్కపెడతాం. ఈ జబ్బులో గొంతు కూడా సన్నబడుతుంది కాబట్టి దానికీ అదే కసరత్తు.

ఆడవాళ్లు రావడం మొదలైంది కూడా మేం నడిపినప్పటి నుంచే. అంతకు ముందు పద్నాలుగు మందిలో ఒక్కరే ఆడమనిషి. చేయి వణుకుతుంటే నలుగురిలో కూర్చోవడం వాళ్లకు సిగ్గు. ఒక అవ్వకు మామూలు నడక రాదు, అడుగు అడుగుకూ ఆగిపోతుంది. బతుకమ్మ ఆడినట్టు చప్పట్లు కొట్టి వలయంగా తిరగమంటే మాత్రం ఆగకుండా రెండు చుట్లు తిరిగింది. బయటి నుంచి తాళం అందితే కాలు దాన్ని పట్టుకుని కదులుతుంది. ముగ్గు గీత కంటికి చేసిన పనే చప్పట్లు చెవికి చేస్తాయి. ఇప్పుడు మా క్లాసులో కోలలు కూడా ఉన్నాయి. చిరుతల భజన తెలిసిన ఒకాయన తాళం వేస్తాడు.

మా లోపాలు దాచను. ఇంటివాళ్లం భయస్థులం. "వద్దులే బాపు, చాలు" అని చెమట పట్టకముందే ఆపేస్తాం. కసరత్తు మెత్తబడిపోతుంది. రెండోది అలసట. రాత్రంతా పక్క మార్చి, పొద్దున వంట చేసి, ఎనిమిదికి నేను హాలు తాళం తీయాలి. రెండో ఏడాది ఒకసారి నాకే జ్వరం వచ్చింది. తాళం ఇంకెవరి దగ్గరా లేదు. పది మంది ఎండలో మెట్ల మీద కూర్చుని తిరిగి వెళ్లిపోయారు. నల్గొండ ఎండ ఎలాంటిదో చెప్పక్కర్లేదు. ఆ రోజు నుంచి మూడు తాళాలు, ముగ్గురు మనుషులు.

నన్ను ఎవరైనా ఒక్కరినే ఎంచుకోమంటే ఇంటివాళ్లనే ఎంచుకుంటాను, నెలకు ఒక రోజు ఫిజియో వచ్చి కొలిచి, ఎవరు ఏది చేయాలో గీత గీసి వెళ్లాలన్న షరతుతో. కూడగట్టే మనిషి వేరు, నేర్పే మనిషి వేరు అయినప్పుడే ఇలాంటివి నిలబడ్డాయి. 2001లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ పార్కిన్సన్స్ బృందం, మార్క్ మోరిస్ డాన్స్ గ్రూప్ కలిసి మొదలుపెట్టిన డాన్స్ క్లాసు అట్లాంటిదే. బృందం మనుషుల్ని తెచ్చింది, డాన్సర్లు అడుగులు నేర్పారు. 2006లో ఇండియానాపొలిస్‌లో రాక్ స్టెడీ బాక్సింగ్ అనే సంస్థ మొదలుపెట్టిన స్కాట్ న్యూమన్‌కే పార్కిన్సన్స్ ఉంది. నలభై ఏళ్లకే వచ్చింది. ఆయన వృత్తి లాయరు, పంచ్ నేర్పింది బాక్సింగ్ తెలిసిన స్నేహితుడు. జబ్బున్న మనిషే ముందు నిలబడితే ఇంటివాళ్ల భయం కూడా తగ్గుతుంది. మా దగ్గర ఆ పని ఇప్పుడు బాపు చేస్తున్నాడు, కుర్చీలోంచి లేచే లెక్క ఆయనే పెడతాడు.

కానీ ఇదే మాట పాలమూరు ఊళ్లకు చెప్పలేను. మా మేనత్త వాళ్లది దేవరకద్ర దగ్గర ఒక పల్లె. అక్కడ కొడుకులు, కోడళ్లు ముంబైకో పుణేకో పనికి పోయారు. ఇంట్లో ముసలివాళ్లే ఉన్నారు. ఇంటివాళ్లు నడపాలంటే ఇంట్లో ఎవరున్నారు? ఆశా కార్యకర్తకు అప్పగిద్దాం అంటారు గానీ ఆమె నెత్తిన ఇప్పటికే ఊరంతా ఉంది. ఆ ఊళ్లో నాకు నచ్చిన మనిషి రిటైరైన పీఈటీ సారు. ముప్పై ఏళ్లు పిల్లలతో డ్రిల్లు చేయించిన గొంతు. ఈలతో తాళం పట్టడం ఆయనకు నేర్పక్కర్లేదు, చెమట పట్టించడానికి భయపడరు. నేర్పవలసింది రెండే: మాత్ర టైము, లేచాక ఒక్క నిమిషం కుర్చీ పట్టుకుని నిలబెట్టడం. ఒక రోజు మహబూబ్‌నగర్‌లో ఫిజియో దగ్గర కూర్చోబెట్టి నేర్పించాం.

రిజిస్ట్రేషన్ గురించి కూడా అడుగుతున్నారు. సొసైటీ అయితే కనీసం ఏడుగురు కావాలి, కమిటీ, ఏటా లెక్కలు, మీటింగులు ఉంటాయి. ట్రస్టు ఇద్దరు ముగ్గురితోనూ పెట్టవచ్చు, సబ్ రిజిస్ట్రార్ దగ్గర డీడ్ రాయించుకుంటే చాలు. కాకపోతే పెత్తనం ఆ ఇద్దరి చేతిలోనే ఉండిపోతుంది. మాకు సొసైటీయే నచ్చింది, ఎందుకంటే ఒకరు అలిసిపోతే ఇంకొకరు ఎక్కడానికి అందులో దారి ఉంది. అయితే మొదటి ఆరు నెలలు కాగితాల జోలికి పోకండి. చందాలు వచ్చే రోజు వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

మొదటి రోజుకు ఒక హాలు, గోడకు ఆనించిన కుర్చీలు, ముగ్గుపిండి, ఒక నోట్‌బుక్ చాలు. నోట్‌బుక్ మొదటి పేజీలో పేర్ల పక్కన మాత్ర టైములు రాయండి, వాటిని బట్టే క్లాసు టైము పెట్టండి. పోయిన వారం పీఈటీ సారు దేవరకద్ర నుంచి ఫోన్ చేసి, "అమ్మా, ఆరుగురు వచ్చిన్రు. ఎనిమిదిన్నరకు పెట్టిన. ఒకాయన గీత దాటిండు" అన్నారు.