చింతపల్లి రాళ్ల దగ్గర స్కూబా: టార్చి అడిగి తీసుకోండి

విజయనగరంలో డిగ్రీ పిల్లలకు ఇరవై నాలుగేళ్లుగా జువాలజీ చెబుతున్నాను. మెత్తని పగడాల పాఠం వచ్చిన ప్రతిసారీ ల్యాబులో ఫార్మలిన్ సీసా ఎత్తి చూపిస్తాను. అందులో ఉన్నది ముడుచుకుపోయి, రంగు వెలిసి, ఊరగాయ జాడీ అడుగున మిగిలిన ముక్కలా ఉంటుంది. బతికున్నప్పుడు అది ఎలా ఉంటుందని పిల్లలెవరూ అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. మొన్న మార్చిలో ఒక ఆదివారం దొరికింది.

పూసపాటిరేగ మండలం చింతపల్లి తీరం, లైట్‌హౌస్ ఉన్న ఊరు. సముద్రంలో రాళ్లున్నాయి, దూరంగా పొమ్మని ఓడలకు చెప్పే దీపం అది. మేము స్కూబాకు, అంటే గాలి సిలిండరుతో నీటి అడుగుకు దిగడానికి, 5,000 రూపాయలు కట్టి ఆ రాళ్ల దగ్గరికే వెళ్లాం. మా వారికి బస్సు ప్రయాణమే పడదు. బోటు మాట ఎత్తవద్దని పులిహోర డబ్బాతో ఒడ్డునే కూర్చున్నారు.

నేర్పించే పద్ధతికి పూర్తి మార్కులు వేస్తాను. నాకు అంత తేలిగ్గా వేసే అలవాటు లేదు. శిక్షకుడు నా విద్యార్థుల వయసు అబ్బాయి. ఆస్తమా ఉందా, సైనస్ ఉందా, చెవికి ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా అని కాగితం మీద రాయించుకున్నాడు. మూడు వారాల కిందటి జలుబు గురించి కూడా అడిగి తెలుసుకున్నాడు. లోతు తక్కువ నీళ్లలో ముప్పావు గంట నోటితో ఊపిరి తీయించాడు. "అమ్మా, ఊపిరి మాత్రం బిగపట్టకండి" అని పదిసార్లు చెప్పి ఉంటాడు. పది మీటర్ల లోతున ఒత్తిడి ఒడ్డు మీద ఉన్నదానికి రెట్టింపు. అక్కడ ఊపిరి బిగపట్టి పైకి వస్తే లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఈ కారణం తెలిసి చెప్పాడు, బట్టీ పట్టి కాదు. మూడు మీటర్ల దగ్గర నా ఎడమ చెవి పోటెత్తింది. చెయ్యి పట్టుకుని మీటరు పైకి తెచ్చి, ముక్కు మూసి గాలి ఊదించి, నేను సరేనని సైగ చేసేదాకా కదలలేదు.

కిందికి దిగాక మొదట నిరాశపడ్డాను. బండల పక్కన మెత్తని పగడాలు పొదల్లా గుంపులుగా ఉన్నాయి గాని, అన్నీ తోమని ఇత్తడి బిందె రంగే. అప్పుడతను టార్చి వేశాడు. వెలుగు పడినంత మేర కనకాంబరం రంగు! పక్కనే వంకాయ రంగు. టార్చి తిప్పగానే మళ్లీ ఇత్తడి బిందె. నీళ్లు వెలుగులోని రంగుల్లో ముందుగా ఎరుపునే మింగేస్తాయని నాకు తెలుసు, బోర్డు మీద గీసి కూడా చెప్పాను. తెలిసీ నోరు తెరిచాను, నోట్లో గొట్టం ఉంది కాబట్టి సరిపోయింది.

నాకు చత్వారం, మాస్కులో కళ్లజోడు పట్టదు. అయితే మాస్కు గుండా నీళ్లలోని వస్తువు మూడో వంతు పెద్దదిగా కనిపిస్తుంది కాబట్టి నెట్టుకొచ్చాను. కాస్త పెద్ద పాలిప్ (పగడంలోని ఒక్కో చిన్న జీవి) ఒకటి చూసి చేతులు లెక్కపెట్టాను. ఎనిమిది, ఒక్కొక్కటీ ఈకలా. ప్రవాహం తగిలినప్పుడు కొమ్మలన్నీ ఒంటినిండా నీళ్లు పట్టి ఉబ్బి ఉన్నాయి. లోపల రాతి అస్థిపంజరం లేదు, సున్నపు సూదుల్లాంటివి మాత్రమే. వీటిలో చాలా వాటికి ఎండతో పని లేదు, ప్రవాహం తెచ్చే ప్లవకాలే, అంటే నీళ్లలో తేలే చిన్న చిన్న జీవులే తిండి. అందుకే బండల కింద, నీడ వైపు అంత దట్టంగా ఉన్నాయి. నీళ్లు కలకగా ఉన్నాయని మా బోటులో ఒకాయన విసుక్కున్నాడు. ఆ కలకలో వాటి భోజనం కూడా ఉందండీ.

ఇక మార్కులు తగ్గించిన చోటు. నలుగురం దిగితే టార్చి ఒక్కటే, అదీ శిక్షకుడి చేతిలో. నా వంతుకు వెలుగు ఎంతసేపు పడిందో వేళ్ల మీద చెప్పగలను. ఇలాంటి చోటికి తీసుకెళ్లి టార్చి ఇవ్వకపోవడం, పెళ్లికి పిలిచి పందిట్లో దీపం పెట్టకపోవడమే. డబ్బు కట్టే ముందే అడగండి. అదనంగా రెండు వందలు తీసుకున్నా ఫరవాలేదు.

దిగేముందు శిక్షకుడు ఈ పగడాలను "సముద్రపు మొక్కలు" అన్నాడు. జంతువులని చెప్పాను. తరువాతి జట్టుకు సరిగ్గానే చెప్పాడు, విన్నాను. మాలో ఒక కుర్రాడు కాలికి తొడిగిన ఈత రెక్కతో (ఫిన్ను) ఒక కొమ్మను తన్నాడు. పైకి వచ్చాకైనా అతన్ని గట్టిగా మందలించి ఉండవలసింది.

ఆడవాళ్లకు బట్టలు మార్చుకోవడానికి పట్టాతో కట్టిన గుడారం, తలుపు బదులు దుప్పటి. గాలికి దుప్పటి ఎగరకుండా బోటు నడిపే ఆయన భార్య వచ్చి పట్టుకుంది. ఆమెకు జీతం ఇస్తున్నారో లేదో. ఫోటోలు ఉచితమే గాని అన్నీ ఆకుపచ్చగా వచ్చాయి, క్లాసులో చూపించడానికి ఒక్కటీ పనికిరాలేదు. సీసాయే మళ్లీ ఎత్తాలి.