సగం ధర డైరీ, రోజుకో ఆటవెలది

ఏటా నాకు నేనే ఒక పందెం పెట్టుకుంటాను, లేకపోతే రాసిందే రాస్తూ కూర్చుంటా. ఒకసారి నవంబరులో 30 రోజుల్లో 50,000 పదాల నవల అనుకుని, రోజుకి 1,667 పదాలంటే ఏంటో నాలుగో రోజుకే తెలిసొచ్చి వదిలేశా. ఈసారి ఉగాది నుంచి రోజుకో ఆటవెలది పద్యం. అందుకే ఈ రోజుకో పేజీ డైరీ, మార్చి చివర కాబట్టి కోఠి ఫుట్‌పాత్ మీద సగం ధరకే, 180 రూపాయలకి వచ్చింది. గడిచిపోయిన మూడు నెలల పేజీలు చిత్తు లెక్కలకి పనికొచ్చాయి: ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, మిగతా రెంటిలో అయిదూ సూర్యగణాలే, వేళ్ల మీద లెక్కేస్తే నాకు తప్పుతాయి.

కాగితం మాత్రం పల్చన. ఇంకు పెన్నుతో రాస్తే సోమవారం పద్యం మంగళవారం పేజీలోకి దిగుతుంది, బాల్‌పెన్నే గతి. కుట్టు గట్టిదే, బల్ల మీద పూర్తిగా తెరుచుకుంటుంది. ఆదివారానికి అరపేజీయే ఇచ్చారు, నాలుగు పాదాలకి అది చాలు. యతి కుదరని రోజు కొట్టివేతలకే చాలదు. డైరీకి నా మార్కులు అయిదుకి మూడున్నర.